అడిగి రాయించుకున్న పాట: శ్రీకుమారన్ తంపి వివాదంపై చర్చ

నిర్వాహకుడు: నమస్కారం. కేరళ గీతం రాయమని అక్కడి సాహిత్య అకాడమీయే తనను అడిగి, రాశాక పక్కన పెట్టిందని మలయాళ సినీ గేయ కవి శ్రీకుమారన్ తంపి గారు 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా బాధపడ్డారు. సూటిగా అడుగుతాను: సినిమా కవి కాబట్టే ఈ చిన్నచూపా?

విమర్శకురాలు: విషయాన్ని అంతకు కుదించకూడదండీ. పాటలో అరిగిపోయిన పదబంధాలున్నాయని అప్పటి అకాడమీ అధ్యక్షులు కె. సచ్చిదానందన్ గారు కారణం చెప్పారు. నచ్చని రచనను కాదనే హక్కు సంస్థకు...

గేయ రచయిత: క్షమించండి, హక్కును ఎవరూ కాదనలేదు. 1966లో ‘కాట్టుమల్లిక’ చిత్రంతో మొదలుపెట్టి వేల పాటలు రాసిన పెద్దాయనకు, వద్దనుకున్నప్పుడు కబురు చెయ్యాలా, వద్దా? 1977లో ‘మినిమోళ్’ చిత్రానికి ఆయన రాసిన కేరళ పాటను జి. దేవరాజన్ స్వరపరిస్తే ఏసుదాసు పాడారు. అందులో ‘కేళికొట్టు’ అనే మాట వస్తుంది. ఈ రాత్రి కథకళి ఉందని పొద్దువాలే వేళ చెండ అనే డోలు వాయించి ఊరంతటికీ తెలియజేయడమే కేళికొట్టు. ఆ ఒక్క మాటతో ఊరూ, సందెచీకటీ, ఆట కోసం ఎదురుచూసే జనమూ కళ్లకు కడతారు. అది అరిగిపోయిన మాటా?

విమర్శకురాలు: అకాడమీ చూసింది ఆ పాటను కాదు, కొత్తగా రాసినదాన్ని.

నిర్వాహకుడు: అయినా సినిమా ముద్ర...

విమర్శకురాలు: మలయాళ కవి ఓ.ఎన్.వి. కురుప్పు గారూ సినిమాలకు రాశారు. ఆయనకు జ్ఞానపీఠం రాకుండా ఆ ముద్ర అడ్డుపడలేదు.

అనువాదకుడు: తంపి గారిని పాటలకే పరిమితం చేయడం అసలు పొరపాటు. 1940లో హరిప్పాడ్‌లో పుట్టి, ఇంజనీరై, పట్టణ ప్రణాళికా శాఖలో ఉద్యోగం వదిలి సినిమాకొచ్చిన ఆయన నవలలూ రాశారు. ‘కాక్కత్తంబురాట్టి’ నవలను 1970లో పి. భాస్కరన్ సినిమాగా తీశారు. ఆ నవలలో...

గేయ రచయిత: చూశారా, భాస్కరన్ గారూ పాటల కవే! కవికీ సినిమా కవికీ మధ్య అక్కడ ఏనాడూ లేని గోడను ఇప్పుడెందుకు కడుతున్నారు? తంపి గారి ఆత్మకథకు 2023లోనే మలయాళ సాహిత్యానికిచ్చే వయలార్ పురస్కారం ఇచ్చారు. నేను మళ్లీ చెబుతున్నాను, వద్దనుకుంటే కబురు చెయ్యాలి.

విమర్శకురాలు: పురస్కారం వచ్చిందని ప్రతి రచననూ ఆమోదించాలా?

నిర్వాహకుడు: అంటే సినిమా కవి అనే చులకన ఉందని ఒప్పుకుంటున్నట్టేనా?

విమర్శకురాలు: నేను ఆ మాట అననే లేదు.

అనువాదకుడు: నవల గురించి ఒక్క నిమిషం ఇస్తే...

నిర్వాహకుడు: మన్నించండి, సమయం అయిపోయింది. చివరిగా మీరు.

గేయ రచయిత: అకాడమీ పెద్దలు ఇప్పటికైనా ఆయన ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి.