ముస్తఫా ఆటకి ఎంత కంప్యూటర్ కావాలి?

[తెర మీద: చేత్తో రాసిన కొటేషన్ కాగితం. షాపు పేరున్న పైభాగం మడిచి ఉంది.]

నమస్కారమండి. ఈ కాగితం మా మేనల్లుడు వాట్సాప్‌లో పంపించాడు. వాళ్లది రాజోలు దగ్గర. "మావయ్యా, సంక్రాంతికి అన్నయ్యలు, బావలు అందరూ వస్తున్నారు. మీరెప్పుడూ చెప్పే ముస్తఫా ఆట ఆడదామని కంప్యూటర్ కొంటున్నాను. ఒక్కసారి చూడండి" అన్నాడు.

చూశాను. సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోయింది. ఆ తర్వాత ఎక్కువ ఖర్చు లైట్లు వెలిగే కేబినెట్‌కి. ప్రాసెసర్ మాత్రం ఆ షాపులో ఉన్నవాటిలో చిన్నది. చివరి వరసలో "కీబోర్డు ఫ్రీ" అని రాసి ఉంది. ఈ రోజుల్లో వచ్చే పెద్ద ఆటలు ఆడేవాళ్లకి ఈ లెక్క కొంతవరకు సరిపోతుంది. పాత వీడియో గేమ్ పార్లర్ ఆటలకి మాత్రం అక్కర్లేని చోట డబ్బు పోసి, కావలసిన చోట బిగపట్టారు. ఎందుకో చెప్తాను.

[తెర మీద: పాత పార్లర్ మిషన్ బొమ్మ. పక్కన దాని లోపలి బోర్డు.]

మనం ముస్తఫా అనే ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. అందులో జాక్, హన్నా, ముస్తఫా, మెస్ అని నలుగురుంటారు. ఒకేసారి ముగ్గురు ఆడొచ్చు. పరిగెత్తుకొచ్చి తన్నే ముస్తఫా అంటే అందరికీ ఇష్టం కాబట్టి మన దగ్గర ఆటకే ఆ పేరు ఖాయమైపోయింది. అమలాపురంలో మేం ఆడిన పార్లర్‌లో రూపాయికో బిళ్ల ఇచ్చేవారు. ఆ బిళ్ల ఎంతసేపు నిలబెట్టగలిగితే అంత గొప్ప.

ఆ బోర్డులో మెయిన్ ప్రాసెసర్ పేరు 68000. దాని వేగం 12 మెగాహెర్ట్జ్. శబ్దం కోసం జెడ్80 అనే ఇంకో ప్రాసెసర్, క్యూసౌండ్ అనే చిప్పు వేరే ఉన్నాయి. తెర 384 చుక్కల వెడల్పు, 224 చుక్కల ఎత్తు. ఈ రోజు చవక ఫోను కూడా దీనికి ఎన్నో రెట్లు పెద్దది. మరి ఏ కంప్యూటర్ అయినా సరిపోవాలి కదా అనిపిస్తుంది.

అక్కడే మెలిక ఉంది. ఆ ఆట మన కంప్యూటర్‌లో ఆడాలంటే ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. ఎమ్యులేటర్ అంటే ఆ ఆటని మన కంప్యూటర్ కోసం మళ్లీ తయారుచేయడం కాదు. ఆ బోర్డు మీద ఏ చిప్పు ఏ క్షణంలో ఏం చేసేదో, అదంతా సాఫ్ట్‌వేర్‌గా చేసి చూపించడం. మెయిన్ ప్రాసెసర్ ఒక అడుగు వేస్తే శబ్దం చిప్పు దానికి సరిపడా అడుగు వేయాలి, బొమ్మ గీసే చిప్పు కూడా అదే లయలో ఉండాలి. తెర మీద సెకనుకి దాదాపు 60 బొమ్మలు. అంటే ఒక్కో బొమ్మకి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. ఆలోపు అందరి లెక్కా తేలాలి. తేలకపోతే పాట ఈడ్చినట్టు సాగుతుంది, ముస్తఫా నీళ్లలో నడిచినట్టు నడుస్తాడు.

మరి ఎనిమిది కోర్ల ప్రాసెసర్, అంటే లోపల ఎనిమిది మంది పనివాళ్లున్నట్టు ఉండేది, కొంటే ఆ పని పంచుకోవచ్చుగా అని మేనల్లుడు అడిగాడు. కోలాటం చూశారుగా. నా కర్ర పక్కవాడి కర్రకి సరిగ్గా ఆ దెబ్బ దగ్గరే తగలాలి. ఇంకో పదిమందిని తెచ్చి నిలబెట్టినంత మాత్రాన పాట త్వరగా అయిపోదు. ఇక్కడా అంతే. చిప్పులు క్షణక్షణం ఒకదాని కోసం ఇంకోటి చూసుకోవాలి కాబట్టి పనిలో ఎక్కువ భాగం ఒకే కోరు మీద పడుతుంది. అందుకే ఎన్ని కోర్లు అని కాదు, ఒక్క కోరు ఎంత వేగం అని అడగండి.

గ్రాఫిక్స్ కార్డు కూడా ఇందుకే పెద్దగా సాయపడదు. ఇలాంటి బొమ్మల ఆటలకి, అంటే టూడీ ఆటలకి, ఆ 384 చుక్కల బొమ్మని ప్రాసెసరే తయారుచేస్తుంది. కార్డు దాన్ని పెద్దది చేసి తెరకి అంటిస్తుంది, అంతే. ఆ పని ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ కూడా హాయిగా చేస్తుంది.

[తెర మీద: మేమ్ ఎమ్యులేటర్ మొదటి తెర.]

మేమ్ అనే ఈ ఎమ్యులేటర్ గురించి ఒక్క మాట. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997 ఫిబ్రవరి 5న దీన్ని మొదటిసారి విడుదల చేశారు. 2016 నుంచి పూర్తి ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూసి వాడుకోవచ్చు. వాళ్ల ఉద్దేశం వేగం కాదు, ఆ మిషన్లు ఎలా పనిచేశాయో నిజాయితీగా భద్రపరచడం. నాకు ఈ పని మీద చాలా గౌరవం ఉందండి, కారణం చెప్తాను. ముస్తఫా అసలు బోర్డులో చిన్న బ్యాటరీ ఉండేది. కాపీలు కొట్టకుండా క్యాప్‌కామ్ పెట్టిన తాళంచెవి వివరాలు ఆ బ్యాటరీ ఉన్నంతవరకే నిలుస్తాయి. బ్యాటరీ అయిపోయిందా, బోర్డు ఎంత శుభ్రంగా ఉన్నా ఆట ఆడదు. ఎవరో ఓపిగ్గా కూర్చుని లోపలి సంగతి తేల్చకపోతే ఈ ఆటలు ఒక్కొక్కటే పోయేవి. అలా నిజానికి దగ్గరగా పోవడం వల్లే మేమ్ కాస్త బరువు. బొమ్మల ఆటలు మాత్రమే ఆడతామంటే ఫైనల్‌బర్న్ నియో అనే ఎమ్యులేటర్ ఇంకా తేలిక, పాత డబ్బాల మీద కూడా బాగా నడుస్తుంది.

[తెర మీద: సెకండ్ హ్యాండ్ ఆఫీసు కంప్యూటర్, మూత తీసి.]

ఇప్పుడు కొనే సంగతి. ముందు ఏ ఆటలు ఆడతారో కాగితం మీద రాసుకోండి. మా మేనల్లుడి కాగితంలో ముస్తఫా, స్ట్రీట్ ఫైటర్ 2, మెటల్ స్లగ్, ప్యాక్‌మ్యాన్ ఉన్నాయి. ఇంతే అయితే కొత్త కంప్యూటరే అక్కర్లేదు. ఆఫీసులు మార్చేసిన పాత డెస్క్‌టాప్‌లు, అంటే డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి, సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారులో దొరుకుతాయి, మన రాజమండ్రి, కాకినాడ, భీమవరం షాపులకీ వస్తుంటాయి. అందులో ఇంటెల్ ఐ5-4570 అనే ప్రాసెసర్ ఉంటే చాలు. 2013 నాటిది, 3.6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, గ్రాఫిక్స్ లోపలే ఉంది. ఐ5-6500 దొరికితే ఇంకా మంచిది.

"ఐ7 అండి, తీసేసుకోండి" అంటే తొందరపడకండి. ఐ7 అన్న మాట ఒక్కటే ఏమీ చెప్పదు. గీత తర్వాత అంకె చూడాలి. 4570లో మొదటి 4 అంటే నాలుగో తరం. 12100లో 12 అంటే పన్నెండో తరం. మొదటి తరం ఐ7 కన్నా పన్నెండో తరం ఐ3 మన పనికి చాలా వేగం.

మీ కాగితంలో టెక్కెన్ 3 ఉంటే, అది 1997 నాటి నామ్‌కో ఆట, త్రీడీ, కొంచెం బరువు. 1994లో వచ్చిన కిల్లర్ ఇన్‌స్టింక్ట్‌లో అయితే మిషన్‌లోనే హార్డ్ డిస్క్ పెట్టారు. ఇవీ, 1998లో సెగా తెచ్చిన నయోమీ బోర్డు ఆటలూ కావాలంటే కొత్త ప్రాసెసర్ వైపు వెళ్లండి. ఐ3-12100 అయితే ఒక్క కోరు 4.3 గిగాహెర్ట్జ్ వరకు పరిగెడుతుంది. రైజన్ 5 5600జీ అయితే 4.4 వరకు వెళ్తుంది, లోపలి గ్రాఫిక్స్ ఇంకాస్త గట్టివి. నయోమీ ఆటలకి మేమ్ కాకుండా ఫ్లైకాస్ట్ అనే ఎమ్యులేటర్ వాడితే ఆ గ్రాఫిక్స్ కూడా పనికొస్తాయి.

ఇక్కడ ఒక అక్షరం దగ్గర జాగ్రత్త. ఐ3-12100 వేరు, ఐ3-12100ఎఫ్ వేరు. చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. కొంచెం తక్కువకి వస్తుందని తెచ్చుకుంటే తెర మీద ఏమీ రాదు, అప్పుడు కార్డు కొనక తప్పదు. మా వాడి కొటేషన్‌లో సరిగ్గా ఆ ఎఫ్ ఉంది. ముందు కార్డు అవసరాన్ని పుట్టించి, తర్వాత కార్డు రాశారు.

ర్యామ్ 8 జీబీ చాలు, నాలుగేసి రెండు ముక్కలైతే లోపలి గ్రాఫిక్స్‌కి మంచిది. పాత బోర్డు డీడీఆర్3దా డీడీఆర్4దా చూసి కొనండి, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పట్టదు. ఎస్ఎస్‌డీ 256 జీబీ బోలెడు. స్ట్రీట్ ఫైటర్ 2 మొత్తం కలిపినా పది ఎంబీ ఉండదు. పాత ప్రాసెసర్లకి విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అందుకని మా వాడికి విండోస్ బదులు బాటోసెరా అనే లినక్స్ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను.

[తెర మీద: ఒకే కీబోర్డు మీద మూడు జతల చేతులు.]

ఇప్పుడు అసలు డబ్బు పెట్టాల్సిన చోటు. చెయ్యి.

ఆ ఫ్రీ కీబోర్డు మీద ముగ్గురు ముస్తఫా ఆడలేరు. మామూలు కీబోర్డులో ప్రతి మీటకీ వేరే తీగ ఉండదు. అడ్డం, నిలువు గీతల వలలా ఉంటుంది. ఆ వలలో ఒక గడికి మూడు మూలల్లో ఉన్న మీటలు ఒకేసారి నొక్కితే నాలుగోది కూడా నొక్కినట్టు కనిపిస్తుంది. ఆ గందరగోళం రాకుండా కీబోర్డు కొన్ని మీటల్ని పట్టించుకోదు. సరిగ్గా మీరు తన్నాల్సిన క్షణంలో మీ మీటే పోతుంది. "నేను నొక్కాను బావా!" అని గొడవ మొదలవుతుంది. వాడు నొక్కాడు, నిజమే.

ఒక్కొక్కరికి ఒక జాయ్‌స్టిక్, ఆరు బటన్లు, ఒక యూఎస్‌బీ బోర్డు కలిపి కిట్‌లా అమ్ముతారు. బటన్‌కి 30 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. మన వడ్రంగి చేత పెట్టె చేయించుకోండి, అయితే ఎండీఎఫ్, అంటే చెక్కపొట్టు అదిమి చేసే పలక, వద్దు. మన తేమకి రెండు వానాకాలాల్లో ఉబ్బిపోతుంది. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వాడండి. ప్యాక్‌మ్యాన్ ఇష్టమైతే నాలుగు దిక్కులకే కదిలేలా మార్చుకునే వీలున్న జాయ్‌స్టిక్ తీసుకోండి. ఎనిమిది దిక్కులదైతే మలుపు దగ్గర మూలకి పోయి ఆగిపోతాడు.

తెర కూడా చేతిలో భాగమే అంటాను. పోయిన పండక్కి నేను హాల్లో పెద్ద టీవీకి కలిపాను. నొక్కిన కాసేపటికి ఎగురుతున్నాడు. ప్రాసెసర్ మీద అనుమానపడి ఒక రోజంతా పోగొట్టుకున్నాను. టీవీ బొమ్మని అందంగా చేయడానికి సమయం తీసుకుంటోంది. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టగానే తేడా తెలిసింది. టీవీ లేకపోతే ఆఫీసుల నుంచి వచ్చే పాత చదరపు మానిటర్, 1280 బై 1024 ది, తక్కువకి వస్తుంది. ఈ ఆటల బొమ్మ దాదాపు నిండుగా పడుతుంది.

[తెర మీద: చిలుము పట్టిన యూఎస్‌బీ పోర్టు, దగ్గరగా.]

సెకండ్ హ్యాండ్ డబ్బా కొంటే మన ప్రాంతంలో ముందు చూడాల్సింది ఇది. అంతర్వేది, నర్సాపురం వైపు ఉప్పుగాలికి రాగి చిలుము పడుతుంది. టార్చి వేసి పోర్టులు, ర్యామ్ పెట్టే చోటు చూడండి. ఆకుపచ్చ చిలుము కనిపిస్తే వదిలేయండి. ర్యామ్ అంచు కాస్త మసగ్గా ఉంటే మాత్రం భయపడక్కర్లేదు, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిస్తే చాలు. వాడని రోజుల్లో గుడ్డ కప్పితే బల్లులు, చీమలు దూరవు, ఆన్ చేసే ముందు ఆ గుడ్డ తీయడం మాత్రం మరవద్దు.

కొన్ని ఆఫీసు డబ్బాల్లో ఎస్ఎంపీఎస్, అంటే లోపలికి కరెంటు అందించే పెట్టె, ఆ కంపెనీదే పట్టాలి, మామూలుది సరిపోదు. అది కాలిపోతే వెతుక్కోవాలి. అందుకే కరెంటు విషయంలో పీనాసితనం వద్దు. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒక్కసారి మొదలైనప్పుడు ఇంట్లో లైట్లు మసకబారడం మీకు తెలుసు. గ్రాఫిక్స్ కార్డు లేని డబ్బాకి 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. లైన్ ఇంటరాక్టివ్ రకం అడగండి, వోల్టేజీ కూడా అదే సర్దుతుంది. డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటే ఎర్తింగ్ లేదని అర్థం. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, పిల్లలు ముట్టుకునే వస్తువు.

ఆటల ఫైళ్ల గురించి సూటిగా చెప్తాను. వాటి హక్కులు కంపెనీలవి. స్ట్రీట్ ఫైటర్ 2, మెటల్ స్లగ్ స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొనుక్కోవచ్చు. గ్రిడ్లీ, రాబీ రోటో లాంటివి హక్కుదారుల అనుమతితో మేమ్ వాళ్ల సైట్‌లోనే ఉచితం. క్యాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం అనే పాత ఆటల కట్టలో ముస్తఫా లేదు. నేను వాడేది నా దగ్గరున్న పాత బోర్డులోంచి తీసుకున్న కాపీ. లింకులు అడగకండి, ఇవ్వను.

[తెర మీద: ఆట నడుస్తోంది. పైన మూలలో శాతం.]

డబ్బులిచ్చే ముందు షాపులోనే పరీక్ష. మీ ఆట పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి మేమ్‌లో పెట్టి ఎఫ్11 నొక్కండి. మూలలో శాతం కనిపిస్తుంది. తెర నిండా శత్రువులున్నప్పుడు కూడా 100 దగ్గరే నిలవాలి. తర్వాత ఎఫ్10 నొక్కితే వేగానికి కళ్లెం తీసేసినట్టు. అప్పుడు 300, 400 అలా చూపిస్తే ఊపిరి మిగిలి ఉన్నట్టే. 110 దగ్గర ఆగితే వేసవిలో వేడెక్కాక ఇబ్బందే, ఇంకోటి చూడండి.

మా వాడు కొత్త కొటేషన్ పంపాడు. కార్డు లేదు, లైట్లు లేవు. ఐ5-6500 పాత డబ్బా, చదరపు మానిటర్, యూపీఎస్, మూడు జాయ్‌స్టిక్ కిట్లు. మూడో పెట్టె వడ్రంగి దగ్గర ఉంది, శనివారం ఇస్తానన్నాడు. అది వచ్చేదాకా ఇద్దరే ఆడతారు.

మేమ్‌లో బిళ్ల వేయాలంటే 5 నొక్కాలి, మొదలుపెట్టడానికి 1. రెండో వాడికి 6, 2. ఆ మూడో పెట్టె రాగానే 7, 3.