నాలుగు పతకాలు, ఒక నౌకాదళ డాక్టరు

నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు బల్ల మీద నాలుగు పతకాలు పెట్టాను. కెమెరా దగ్గరకు తెస్తున్నాను, చూడండి. ఎడమ నుంచి మొదటిది భారత స్వాతంత్ర్య పతకం. తర్వాతి మూడూ రెండో ప్రపంచ యుద్ధానికి బ్రిటన్ ఇచ్చినవి: నక్షత్రం ఆకారంలో ఉన్న 1939–45 స్టార్, బర్మా స్టార్, చివర వార్ మెడల్. నాలుగూ ఒకే కడ్డీకి కుట్టి ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలోని ఒక కుటుంబానివి ఇవి. పరిశీలించి చెప్పమని నాకు ఇచ్చారు. ఎవరివో పేరు చెప్పవద్దని కోరారు కాబట్టి చెప్పను. తాతగారు నౌకాదళంలో డాక్టరుగా పనిచేశారని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఏ ఓడలో, ఎన్నేళ్ళు, ఎక్కడెక్కడ అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు.

జవాబులో సగం ఈ కడ్డీ మీదే ఉంది.

ముందు వరుస చూడండి. కాలక్రమం పాటిస్తే యుద్ధకాలపు నక్షత్రాలు ముందు రావాలి, 1947 పతకం చివర ఉండాలి. ఇక్కడ అది మొదట ఉంది. స్వతంత్ర భారతంలో పాటించే క్రమం ఇదే. మన దేశం ఇచ్చిన పతకాలు ముందు, బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చినవి వాటి తర్వాత. అంటే ఈ వరుస కుట్టించిననాటికి ఆయన యుద్ధం ముగియగానే ఇంటికి వచ్చేసిన డాక్టరు కాదు, కొత్త దేశపు యూనిఫాంలో కొనసాగిన అధికారి అని గట్టిగా అనుకోవచ్చు. పతకాలను విడదీసి అమ్మితే ముందుగా పోయేది ఈ సాక్ష్యమే.

ఇప్పుడు అంచు. నక్షత్రాలను తిప్పి చూస్తే వెనుక నున్నగా ఉంది, పేరు లేదు. వార్ మెడల్ అంచు కూడా ఖాళీ. బ్రిటన్ రెండో ప్రపంచ యుద్ధ పతకాలను తన వారికి పేర్లు వేయకుండానే పంచింది. మొదటి యుద్ధంలో అలా కాదు, అంచు మీద నంబరు, హోదా, పేరు చెక్కి ఇచ్చేవారు. మన వరుసలో పేరున్నది ఒక్క స్వాతంత్ర్య పతకం మీదే. భూతద్దం కింద పెడితే హోదా, ఇంటిపేరు పొడి అక్షరాలు, పేరు కనిపిస్తాయి. హోదా సర్జన్ లెఫ్టినెంట్. నౌకాదళంలో డాక్టరు ఏ వైద్యం చేసేవారైనా హోదాకు ముందు సర్జన్ అని ఉంటుంది, ఆపరేషన్లు చేసేవారికే అనుకోకండి.

ఈ పతకాన్ని తీరిగ్గా చూడాలి. ఒకవైపు అశోక చక్రం, దాని పైన బ్రిటిష్ కిరీటం, చుట్టూ లాటిన్‌లో ఆరవ జార్జి బిరుదులు. రెండోవైపు అశోకుని సింహాలు, 1947 ఆగస్టు 15 తేదీ. రిబ్బన్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. రాజు పేరూ అశోకుని చక్రమూ ఒకే లోహం మీద కలిసి ఉన్న పతకం ఇది. నాకు దీనికన్నా ఇష్టమైన పతకం లేదు.

తర్వాత బర్మా స్టార్. మన తీరంవాళ్ళకు దీని గురించి చెప్పితీరాలి. బర్మా నేల మీద పోరాడినవారికే ఇచ్చారని చాలామంది అనుకుంటారు. నౌకాదళం వారికి మాత్రం అర్హత ప్రాంతం బంగాళాఖాతం మొత్తం. తేదీలు 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 వరకు. అంటే కళింగపట్నం, బారువ, భీమునిపట్నం ఎదురుగా ఉన్న నీళ్ళు కూడా అందులోకే వస్తాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధం మన గుమ్మం ముందుకే వచ్చింది.

ఇంకో సంగతి. నౌకాదళంలో 1939–45 స్టార్ రావాలంటే మామూలుగా యుద్ధ ప్రాంతంలో ఓడ మీద ఆరు నెలల సర్వీసు ఉండాలి. అది సంపాదించాకే బర్మా స్టార్‌కు లెక్క మొదలవుతుంది. కాబట్టి ఈ డాక్టరు ఒడ్డున ఆసుపత్రిలో మాత్రమే గడిపారని అనడానికి వీల్లేదు, ఆరు నెలలకు పైగా ఓడ మీద ఉండి ఉండాలి. ఏ ఓడ అన్నది పతకం చెప్పదు. 1945 జనవరిలో బర్మాలోని అరకాన్ తీరంలో సైన్యం దిగినప్పుడు నర్బదా, జమునా అనే మన యుద్ధనౌకలు ఒడ్డు మీదకు ఫిరంగులు పేల్చాయి. అలాంటి ఓడలో గాయపడినవాడు ముందు చేరేది డాక్టరు దగ్గరకే. వీరపతకాల కోసం ఎగబడే సేకర్తలు ఇలాంటి వరుసను పట్టించుకోరు. నాకు అది నచ్చదు. డాక్టర్లలోనూ వీరులున్నారు. 1898లో క్రీట్ ద్వీపంలో తుపాకి గుళ్ళ మధ్య గాయపడిన నావికుడి కోసం వెనక్కి వెళ్ళిన విలియం మైలార్డ్, బ్రిటన్ అత్యున్నత వీరపతకం విక్టోరియా క్రాస్ పొందిన ఏకైక బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు. కానీ క్రాస్ రాని వందలమంది చేసిన పని ఏ ప్రశంసాపత్రంలోనూ లేదు. దాన్ని మనమే వెతకాలి.

ఎక్కడ వెతకాలి? మొదట ఇంట్లోనే. ఈ కుటుంబం దగ్గర ఒక నలుపు తెలుపు ఫోటో ఉంది. చేతి మీద బంగారు చారలున్నాయి కాబట్టి ఓడ నడిపే అధికారి అనుకుంటూ వచ్చారు. డాక్టర్ల యూనిఫాంలో ఆ చారల మధ్య ఎర్ర గుడ్డ ఉంటుంది. ఆనాటి ఫిల్ములు చాలావాటిలో ఎరుపు నల్లగా పడుతుంది, నీలం కోటులో కలిసిపోయి కనిపించదు. పాత ఫోటో చూసి శాఖను నిర్ణయించేయకండి.

తర్వాత కాగితాలు. నౌకాదళ అధికారుల జాబితాలో పేరు దొరకకపోతే నిరాశ పడకండి, సైన్యం జాబితా తీయండి. సైన్యపు వైద్య విభాగం ఇండియన్ ఆర్మీ మెడికల్ కార్ప్స్ 1943 ఏప్రిల్ 3న ఏర్పడింది. అందులోని డాక్టర్లు నౌకాదళంలోనూ పనిచేసేవారు. ఇప్పటికీ మన డాక్టర్లు ఆర్మీ మెడికల్ కార్ప్స్‌లో చేరి మూడు దళాల్లో ఎక్కడైనా పనిచేయవచ్చు. పునీతా అరోరా గారిని చూడండి. సైన్యంలో లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు, ఆ తర్వాత 2005లో నౌకాదళానికి మారి సర్జన్ వైస్ అడ్మిరల్ అయ్యారు. సైనిక ఆసుపత్రుల్లో స్త్రీల వ్యాధులకు ఎండోస్కోపీ, క్యాన్సర్ చికిత్స సౌకర్యాలు ఏర్పాటు చేసినందుకు ఆమెకు సేనా మెడల్ వచ్చింది. సేనా మెడల్ సైన్యానిది, వేసుకున్న యూనిఫాం నౌకాదళానిది. ఈ కథ తెలియని సేకర్త ఆ వరుస చూస్తే ఎవరో తప్పు పతకం కుట్టారని తీసి పక్కన పెట్టేస్తాడు.

స్వాతంత్ర్యం తర్వాతి కమిషన్లు, అంటే అధికారులుగా నియామకాలు, పదోన్నతులు భారత గెజిట్‌లో రక్షణ శాఖ ప్రకటనల భాగంలో ఉంటాయి. డాక్టరు కాబట్టి మరో దారి కూడా ఉంది, అది వైద్య రిజిస్టరు. మద్రాసు రాష్ట్రంలో 1914 చట్టంతో డాక్టర్ల నమోదు మొదలైంది. మన వైపువాళ్ళు చాలామంది 1923లో మొదలైన విశాఖ వైద్య కళాశాలలో చదివారు. పట్టా పొందిన ఏడాది దొరికితే కమిషన్ ఎప్పుడు వచ్చిందో దాదాపు అంచనా వేయవచ్చు.

మన జిల్లాలవారికి పెద్ద చిక్కు ఊరి పేరు దగ్గర వస్తుంది. 1936కి ముందు టెక్కలి, సోంపేట, శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేవి. ఒడిశా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. టెక్కలిలో 1918లో పుట్టిన మనిషి ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలవాడు అవుతాడు. పైగా ఇంగ్లీషు కాగితాల్లో శ్రీకాకుళం చికాకోల్ అని ఉంటుంది, కళింగపట్నం కాళింగపటం అని ఉంటుంది. అప్పలనాయుడు, సూర్యనారాయణ లాంటి పేర్లను ఏ గుమాస్తా ఎలా రాశాడో ఊహించి, అన్ని రకాలుగానూ వెతకాలి.

దయచేసి ఒక మాట వినండి. పండగకు ఇత్తడి సామానుతో పాటు పతకాలకు కూడా చింతపండు పట్టించి తోమకండి, విభూతితో రుద్దకండి. ముందు అరిగేది అంచు మీది అక్షరాలే. నల్లబడితే నల్లగానే ఉండనివ్వండి. మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. మెరిసే పీవీసీ కవర్లలో కూడా పెట్టకండి, మన తీరపు తేమకు వాటి లోపల లోహం పచ్చగా పాడవుతుంది. పాత రిబ్బన్ చిరిగిపోయినా పారేయకండి. వెండి బరువు చూసి కొనే వ్యాపారికి ఇచ్చే ముందు అంచు ఫోటో, కడ్డీ వెనుక కుట్టు ఫోటో తీసి పెట్టుకోండి. నా మటుకు నేను ఒక వరుసను విడదీసి ఎన్నడూ అమ్మను, విడదీసి అమ్మేవారి దగ్గర కొనను.

ఈ డాక్టరుగారి విషయంలో ఇప్పుడు నేను వెతుకుతున్నది 1947 తర్వాతి సర్వీసు. గెజిట్ సంపుటాల్లో ఒక్కో ఏడాదీ చూసుకుంటూ వస్తున్నాను. పదోన్నతి ప్రకటన దొరికితే కుటుంబం అనుమతితో ఆ పుట ఇక్కడే చూపిస్తాను. మీ ఇళ్ళలో నౌకాదళ వైద్యుల ఫోటోలు, డిశ్చార్జి కాగితాలు, ఓడల నుంచి వచ్చిన ఉత్తరాలు ఉంటే తెలియజేయండి. ముఖ్యంగా 1943 నుంచి 1946 మధ్యవి.