రంగు ఆరకముందే

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో విగ్రహాలకు రంగులు వేసేవాళ్లున్నారు, బైక్ ట్యాంకుల మీద బొమ్మలు వేసేవాళ్లున్నారు, ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలున్నారు. పనులు వేరైనా అందరి చేతిలో ఉండేది ఎయిర్‌బ్రష్, అంటే గాలితో రంగు చిమ్మే చిన్న గన్. దాని గురించి నాకు వినిపించే ఫిర్యాదు కూడా ఒకటే: "సార్, గన్ చుక్కలు కొడుతోంది, కొత్తది కొనాలా?" చాలాసార్లు కొననక్కర్లేదు. లోపల ఎక్కడో రంగు ఆరిపోయి ఉంటుంది. ఇవాళ నేను మాట్లాడేదంతా దాదాపు దాని గురించే.

మన దగ్గరుండే మామూలు డబుల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్‌లో నాజిల్, అంటే రంగు బయటికి వచ్చే మూతి, దాని రంధ్రం సుమారు 0.3 మిల్లీమీటర్లు. అందులోంచి నీడిల్ మొన బయటికి వచ్చి ఉంటుంది. ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి వస్తుంది. వెనక్కి లాగితే నీడిల్ వెనక్కి జరిగి రంగుకు దారి దొరుకుతుంది. నాజిల్ చుట్టూ దూసుకుపోయే గాలే ఆ రంగును బయటికి లాగి తుంపరలు చేస్తుంది. చార్లెస్ బర్డిక్ తయారుచేసిన ఎయిర్‌బ్రష్‌ను 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో పెట్టారు. గాలితో రంగును తుంపరలు చేసే ఆ సూత్రం ఇప్పటికీ మారలేదు. కాబట్టి జపాన్ గన్ అయినా, జర్మనీ గన్ అయినా, చౌకగా ఆన్‌లైన్‌లో కొన్నదైనా శుభ్రం చేసే పద్ధతి ఒకటే.

ఇక అక్రిలిక్ సంగతి. నీళ్లతో పలచన చేసే రంగు కదా, ఎప్పుడు కడిగినా నీళ్లతోనే పోతుందని చాలామంది ధీమా. తడిగా ఉన్నంతసేపే ఆ మాట నిజం. నీరు ఆవిరయ్యాక మిగిలేది ప్లాస్టిక్ పొర, అది మళ్లీ నీళ్లకు కరగదు. పైగా మొన మీద గాలి ఆగకుండా కొడుతూనే ఉంటుంది. ఎండాకాలంలో నిమిషాల్లోనే పాల మీద మీగడ కట్టినట్టు కట్టేస్తుంది. మీరు సన్న గీత గీద్దామని మెల్లగా లాగుతారు, ఏమీ రాదు. ఇంకొంచెం లాగుతారు, ఒక్కసారిగా చుక్క పడుతుంది. చేతిలో నైపుణ్యం లేదని బాధపడకండి, ముందు మొన చూడండి. పక్కన ఒక మెత్తటి పాత బ్రష్ తడిపి పెట్టుకుని, పని మధ్యలోనే మొనను తుడుస్తూ ఉండండి. ఈ ఒక్క అలవాటుతో సగం టెన్షన్ పోతుంది.

రంగు మార్చేటప్పుడు కప్పులో మిగిలింది ఒంపేసి, మూలలు బ్రష్‌తో తుడిచి, కొంచెం క్లీనర్ పోయండి. ఇప్పుడు చూడండి, నాజిల్ ముందు భాగాన్ని మడత పెట్టిన గుడ్డతో మూసి, ట్రిగ్గర్ నొక్కి మెల్లగా వెనక్కి లాగుతున్నాను. బయటికి పోలేని గాలి నాజిల్‌లోంచి వెనక్కి తిరిగి కప్పులో బుడగలుగా వస్తోంది. నాజిల్ వెనక దాక్కున్న రంగు దానితోపాటు పైకి తేలుతోంది చూశారా? కప్పులో పావు వంతుకు మించి పోయకండి, ప్రెషర్ తగ్గించుకోండి, లేదంటే మొహాన చిమ్ముతుంది. ఆ మురికిని ఒంపేసి, మళ్లీ పోసి, తేటగా వచ్చేదాకా చేయండి. చివర్న గాలిలోకి కొట్టకండి, మూత ఉన్న క్లీనింగ్ జార్‌లోకి కొట్టండి. థిన్నర్ ఆవిరిని మామూలు గుడ్డ మాస్కు ఆపదు, ఎన్95 కూడా ఆపదు. దానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, అంటే రసాయనాల ఆవిరిని పట్టే డబ్బీ, ఉన్న మాస్కే కావాలి, కిటికీ తెరిచి ఉండాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

పని అయిపోయాక నీడిల్ తీయాల్సిందే. దాన్ని వెనక నుంచి లాగాలా, ముందు నుంచి తీయాలా అని వాదన ఉంది. నాజిల్ విప్పి ముందు నుంచి తీయడమే మేలని నా అభిప్రాయం. వెనక్కి లాగితే నీడిల్‌కు అంటిన రంగు ట్రిగ్గర్ ముందు నీడిల్ చుట్టూ ఉండే ప్యాకింగ్ అనే సీలులో తుడుచుకుపోయి అక్కడే గట్టిపడుతుంది. కొన్నాళ్లకు ట్రిగ్గర్ పట్టేస్తుంది. హడావిడిలో వెనక నుంచే తీయాల్సి వస్తే, ముందు క్లీనర్‌తో బాగా ఫ్లష్ చేసి కడిగాకే తీయండి. నీడిల్‌ను మెత్తటి గుడ్డ మధ్య పెట్టి, వెనక నుంచి మొన వైపుకు తిప్పుతూ తుడవండి, మొన వైపు నుంచి వెనక్కి ఎప్పుడూ కాదు. మళ్లీ పెట్టేటప్పుడు మెల్లగా, తగలగానే ఆపాలి. బలంగా తోస్తే నాజిల్ మూతి విచ్చుకుంటుంది, ఇక ఎంత కడిగినా బాగుపడదు. కప్పులో వాటంతటవే బుడగలు వస్తున్నాయంటే నాజిల్ సరిగ్గా బిగియకపోయి ఉంటుంది, లేదా పగిలి ఉంటుంది. తుంపర ఒక పక్కకే పోతోందంటే మొన వంగి ఉండొచ్చు.

గన్ మొత్తాన్ని రాత్రంతా ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో, అంటే ఆ రకం రంగుల్ని పలచన చేసే ఘాటైన ద్రావకంలో, నానబెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. నానబెట్టాల్సింది నాజిల్, ముందు మూతల్లాంటి లోహపు భాగాలనే, అదీ కాసేపే. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌లో కూడా ఇత్తడి భాగాలను వదిలేయకండి.

నూనె విషయంలోనూ జాగ్రత్త. కుట్టు మిషను నూనె, సిలికాన్ స్ప్రే వద్దు. అవి రంగులో కలిస్తే ఉపరితలం మీద రంగు అంటుకోక చేపకళ్లలా గుంటలు పడతాయి. నీడిల్‌కు ఎయిర్‌బ్రష్ లూబ్రికెంట్ ఒక్క చుక్క చాలు.

విగ్రహాల పని చేసేవాళ్లకు ఒక మాట. చవితి ముందు పనంతా వానల్లోనే సాగుతుంది. తేమగాలిని కంప్రెసర్ నొక్కితే ట్యాంకులో నీరు చేరుతుంది. అది గొట్టంలోంచి వచ్చి స్వామి ముఖం మీద చుక్కగా పడితే గన్ తప్పనుకుంటాం. రోజూ ట్యాంకు కింది వాల్వు తెరిచి నీరు వదలండి, గన్‌కు దగ్గర్లో గాలిలోని నీటిని పట్టేసే మాయిశ్చర్ ట్రాప్ పెట్టుకోండి.

ఇక టేబుళ్ల దగ్గరికి పదండి. ప్రతి టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. నాజిల్ ఆ గుడ్డ మీదే విప్పండి, కింద పడితే దొరకదు. చిన్న స్పానర్‌తో ఎక్కువ బిగించకండి, మర తెగిపోతుంది. ముందు నీడిల్ తీయండి, తర్వాత భూతద్దంతో మొన చూద్దాం.