ఎర్రనీరు వచ్చిన రాత్రి: వాటర్ ప్లాంట్ ఆపరేటర్ పని ఎలా ఉంటుంది?

[తెర మీద: ధవళేశ్వరం దగ్గర గోదావరి. నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి.]

వాయిస్:
జూలై వచ్చిందంటే గోదావరికి ఎర్రనీరు తగులుతుంది. ఎగువన మహారాష్ట్రలో, తెలంగాణలో, ఛత్తీస్‌గఢ్‌లో పడిన వానలు కడిగి తెచ్చిన మట్టి అది. ఆ రంగు చూస్తే డెల్టా రైతుకి ప్రాణం లేచొస్తుంది. అదే నీటిని తాగునీరు చేయాల్సిన ఆపరేటర్‌కి మాత్రం ఏడాదిలోకెల్లా కష్టమైన డ్యూటీ ఆ రోజే మొదలవుతుంది.

కాలవ పక్కన ఉన్న ఒక మామూలు మున్సిపల్ ప్లాంట్‌ని తీసుకుందాం. రోజుకి కోటి లీటర్లు శుద్ధి చేస్తుంది. ప్లాంట్ భాషలో 10 ఎం.ఎల్.డి. మనిషికి 135 లీటర్ల లెక్కన డెబ్బై వేల పైచిలుకు జనానికి సరిపోతుంది. రాత్రి షిఫ్టులో ఒక ఆపరేటర్, ఒక హెల్పర్ ఉంటారు. చాలా ఊళ్లలో ఇద్దరూ అవుట్‌సోర్సింగ్ వాళ్లే.

[తెర మీద: పంపుహౌస్. మొబైల్‌లో మాట్లాడుతున్న పంప్ డ్రైవర్.]

"అన్నా, నీళ్లు రంగు మారాయి. బాగా చిక్కగా వస్తున్నాయి."

ఈ ఫోన్ రాత్రి ఒంటిగంటకి వచ్చిందనుకోండి. నీళ్లు ప్లాంట్‌లోకి వచ్చి, మట్టి పేరుకుని, ఫిల్టర్ దాటి సంపులోకి చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. తెల్లవారుజామున అయిదింటికి కుళాయిలు వదులుతారు. అంటే ఒంటిగంటకి ఆపరేటర్ తీసుకునే నిర్ణయమే పొద్దున్నే మన బిందెల్లోకి వస్తుంది.

ముందుగా చేయాల్సింది టర్బిడిటీ చూడటం. నీళ్లు ఎంత మడ్డిగా ఉన్నాయో చెప్పే కొలత అది, ఎన్.టి.యు.లలో చెబుతారు. మామూలు రోజుల్లో కాలవ నీళ్లు పదుల్లో చూపించే మీటరు ఎర్రనీటి రోజున వందల్లోకి ఎక్కుతుంది. బయటికి వెళ్లే నీళ్లు మాత్రం 1 ఎన్.టి.యు. దాటకూడదు. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 10500 చెప్పేది అదే. వేరే దారే లేనప్పుడు 5 వరకు ఒప్పుకుంటుంది.

ఇప్పుడు పటిక ఎంత వేయాలి? ఈ ప్రశ్న దగ్గరే ఆపరేటర్ పనితనం బయటపడుతుంది. అందుకే ఇక్కడ కొంచెం ఆగుదాం.

[తెర మీద: జార్ టెస్ట్ మెషీన్. వరసగా ఆరు గాజు బీకర్లు, ఒక్కోదాంట్లో లీటరు ఎర్రనీరు.]

బంకమట్టి రేణువులు ఎంత సన్నగా ఉంటాయంటే, రోజంతా వదిలేసినా అడుక్కి దిగవు. వాటిమీద రుణ విద్యుదావేశం ఉంటుంది, కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలోనే తేలుతుంటాయి. పటిక ఆ ఆవేశాన్ని చంపేస్తుంది. అప్పుడు రేణువులు ఒకదానికొకటి అంటుకుని దూదిపింజల్లా తయారై కిందికి దిగుతాయి. వీటినే ఫ్లాక్ అంటారు.

ఎంత వేస్తే ఈ పని సరిగ్గా జరుగుతుందో చెప్పేదే జార్ టెస్ట్. ఒక శాతం పటిక ద్రావణం కలుపుకుంటే ఒక్కో మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల పటిక ఉంటుంది. మొదటి బీకర్‌లో రెండు మిల్లీలీటర్లు, తర్వాతదాంట్లో మూడు, అలా ఆరో బీకర్‌లో ఏడు. అంటే లీటరుకి 20 నుంచి 70 మిల్లీగ్రాముల దాకా ఆరు మోతాదులు. ఒక నిమిషం గట్టిగా తిప్పాలి. తర్వాత ఇరవై నిమిషాలు నెమ్మదిగా. ఆపేసి అరగంట కదపకుండా వదిలేయాలి.

[తెర మీద: బీకర్లు దగ్గరగా. మూడో బీకర్‌లో ఫ్లాక్ దిగుతోంది, పైన నీళ్లు తేటపడుతున్నాయి.]

మొదటి రెండూ ఇంకా మడ్డిగానే ఉన్నాయి. మూడోది తేరుకుంది. నాలుగోది కూడా తేటగానే ఉంది కానీ మూడోదాని కంటే మెరుగేమీ కాదు. ఆరోదాంట్లో మళ్లీ మసక. పటిక ఎక్కువైనా రేణువులు విడిపోతాయి, పి.హెచ్. (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) పడిపోతుంది, నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. కాబట్టి మూడో బీకరే మన మోతాదు: లీటరుకి 40 మిల్లీగ్రాములు. కోటి లీటర్లకి లెక్కేస్తే రోజుకి 400 కిలోలు. 50 కిలోల బస్తాలైతే ఎనిమిది. స్టోర్‌లో అన్ని బస్తాలున్నాయా లేదా అన్నది కూడా ఆపరేటరే చూసుకోవాలి.

ఈ పరీక్ష అయ్యేసరికి గంట గడిచిపోతుంది. నీళ్లేమో వస్తూనే ఉంటాయి. ఆ గంటసేపు ఏం చేయాలి? అనుభవమున్న ఆపరేటర్ నిరుడు జూలై లాగ్ బుక్ తీస్తాడు. ఇంత టర్బిడిటీ వచ్చిన రోజున ఎంత పటిక వేశారు, ఫిల్టర్ నుంచి ఎంత వచ్చింది? ఆ అంకెతో మోతాదు పెంచేసి, జార్ టెస్ట్ ఫలితం రాగానే సరిచేస్తాడు. ఆ లాగ్ బుక్‌లో రాసింది నిజమైతేనే ఇది పనిచేస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

[తెర మీద: ఫిల్టర్ బెడ్. బ్యాక్‌వాష్ మొదలవుతోంది. గాలి బుడగలతో ఇసుక కుతకుతలాడుతోంది.]

మట్టి చాలావరకు క్లారిఫైయర్ అనే పెద్ద తొట్టి అడుగున బురదగా దిగిపోతుంది. మిగిలింది ఇసుక ఫిల్టర్లు పడతాయి. బెడ్ మూసుకుపోయే కొద్దీ పైన నీటి మట్టం పెరుగుతుంది, కిందికి దిగే నీళ్లు తగ్గుతాయి. అప్పుడు బ్యాక్‌వాష్ చేయాలి. ముందు కింది నుంచి గాలి, తర్వాత నీళ్లు పంపితే పట్టిన మట్టి పైకి లేచి మురుగు కాలవలోకి పోతుంది. ఎర్రనీటి రోజుల్లో మామూలుగా కంటే చాలాసార్లు కడగాల్సి వస్తుంది. కడిగాక మొదట వచ్చే నీటిని సంపులోకి పంపకూడదు, బయటికి వదిలేయాలి. నీళ్లకి కొరత ఉన్నప్పుడు అది వృథా అనిపిస్తుంది. వృథా కాదు.

ఎందుకో చెబుతాను. 1993లో అమెరికాలోని మిల్వాకీలో ఫిల్టర్ నుంచి వచ్చే నీటి టర్బిడిటీ పెరిగింది. ఆ నీళ్లతోపాటు క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కూడా దాటిపోయింది. నాలుగు లక్షల మంది వరకు విరేచనాల పాలయ్యారు. ప్లాంట్‌లో క్లోరిన్ వేస్తూనే ఉన్నారు. కానీ ఆ పరాన్నజీవి క్లోరిన్‌కి లొంగదు. దాన్ని ఆపాల్సింది ఇసుకే.

[తెర మీద: క్లోరిన్ గది. పసుపు రంగు టన్నర్. గోడకి తగిలించిన మాస్క్.]

ఇక క్లోరిన్. పెద్ద ప్లాంట్లలో 900 కిలోల గ్యాస్ పట్టే టన్నర్లుంటాయి. చిన్న ఊళ్లలో బ్లీచింగ్ పౌడరే దిక్కు. అది తాజాగా ఉన్నప్పుడే దాదాపు మూడో వంతు క్లోరిన్ ఇస్తుంది. తేమ తగిలి నిలవ ఉంటే బలం పోతుంది, బస్తా మాత్రం అలాగే కనబడుతుంది.

గ్యాస్‌తో పని అంటే టెన్షనే. క్లోరిన్ గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, నేలబారున పాకుతుంది. లీకైతే ఎదురుగాలికి, ఎత్తు మీదికి పరుగెత్తాలి. ఎక్కడ లీకవుతోందో చూడటానికి అమ్మోనియా ముంచిన దూది దగ్గర పెడతారు. లీకున్న చోట తెల్లటి పొగ లేస్తుంది. మాస్క్, ఎమర్జెన్సీ కిట్ ఉన్నవాళ్లే దగ్గరికి వెళ్లాలి. లీకు మీద నీళ్లు కొట్టకూడదు. ఆమ్లం తయారై రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. టన్నర్‌లో ద్రవం కారుతుంటే, లీకున్న వైపు పైకి వచ్చేలా దాన్ని దొర్లించాలి. అప్పుడు ద్రవానికి బదులు గ్యాస్ మాత్రమే వస్తుంది, తీవ్రత బాగా తగ్గుతుంది. ఈ శిక్షణ ఇవ్వకుండా, మాస్క్ వాడటం నేర్పకుండా ఎవర్నీ ఆ గదిలోకి పంపకూడదు. జీతం తక్కువని, కాంట్రాక్ట్ మనిషని ప్రాణం విలువ తగ్గదు కదా.

క్లోరిన్ కలిపాక కనీసం అరగంట టైమివ్వాలి. పి.హెచ్. 8 దాటితే క్లోరిన్ పని బాగా మందగిస్తుంది. చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. బ్లీచింగ్ వాసన వస్తోందని చాలామంది విసుక్కుంటారు. పైపులో దారిపొడవునా నీటిని కాపాడేది ఆ మిగిలిన క్లోరినే.

అయితే దానికీ హద్దుంది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీటి పైపులో మురుగు కలిసి మనుషులు చనిపోయారు. అంత మురుగు చేరితే ఆ 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ క్షణాల్లో ఖర్చయిపోతుంది. కుళాయి దగ్గర క్లోరిన్ ఉన్నట్టుండి సున్నా చూపించిందంటే దారిలో ఎక్కడో ఏదో కలుస్తోందని అనుమానించాలి.

[తెర మీద: లాగ్ బుక్ పేజీ. గంటగంటకీ గళ్లు.]

లాగ్ బుక్ సంగతి చెబుతానన్నాను. కెనడాలో వాకర్టన్ అనే చిన్న ఊరు, అయిదు వేల జనాభా. 2000 మేలో జోరు వానలకి పశువుల పేడ కొట్టుకొచ్చి ఊరి బావి నీళ్లలో ఈ.కోలై అనే బ్యాక్టీరియా చేరింది. అక్కడి ఆపరేటర్లు రోజూ క్లోరిన్ కొలవకుండానే పుస్తకంలో 0.5, 0.75 అని రాసేవాళ్లు. ఏడుగురు చనిపోయారు. 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. ఆ అంకెలు కల్పితమని విచారణలో తేలింది.

నాకు తెలిసి ఈ ఉద్యోగంలో అన్నిటికంటే బరువైన పని ఇదే. తెల్లవారుజామున మూడింటికి, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు, సూపర్‌వైజర్ చూడనప్పుడు, నాలుగింటి గడిని ముందే నింపేయాలనిపిస్తుంది. నింపేయకుండా లేచి వెళ్లి, నమూనా పట్టి, రంగు చూసి రాయాలి. 0.1 వస్తే 0.1 అనే రాయాలి. పై అధికారులు కూడా తక్కువ అంకె రాసినవాడిని తిట్టకుండా, ఎందుకు తగ్గిందని అడగాలి. తిడితే మర్నాటి నుంచి పుస్తకంలో అన్నీ 0.5లే కనబడతాయి.

[తెర మీద: ఎండాకాలం. సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు, నీళ్ల మీద పచ్చటి తెట్టు.]

ఎర్రనీరు పోతే తీరిక దొరుకుతుందనుకోకండి. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు కాబట్టి, డెల్టా ఊళ్లు ముందే చెరువుల్లో నీళ్లు నింపుకుని వాటితోనే నెట్టుకొస్తాయి. ఆ నిలవ నీటిలో నాచు పెరుగుతుంది. పగటిపూట పి.హెచ్. పైకెక్కుతుంది, ఫిల్టర్లు తొందరగా మూసుకుపోతాయి, నీళ్లు మట్టివాసన వేస్తాయి. టర్బిడిటీ చూస్తే తక్కువే, పని మాత్రం ఎక్కువ.

ఈ పనిలోకి రావాలనుకునే కుర్రాళ్లకి ఒక మాట. ఐ.టి.ఐ.లో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చదివినవాళ్లు చాలామంది పంపుల మీదుగా ఇందులోకి వస్తారు. మోటార్లు, వాల్వులు నేర్చుకోవడంతో ఆగకండి. జార్ టెస్ట్ మీ చేత్తో మీరు చేయండి, మోతాదు లెక్క మీరే కట్టండి.

[తెర మీద: కుళాయి కింద చిన్న గాజు గొట్టం. నీళ్లలో మాత్ర వేయగానే గులాబీ రంగు.]

ఇంట్లో ఉన్నవాళ్లు కూడా ఒక పని చేయొచ్చు. క్లోరిన్ చూసే చిన్న టెస్ట్ కిట్లు మార్కెట్‌లో దొరుకుతాయి. డి.పి.డి. మాత్ర వేస్తే గులాబీ రంగు రావాలి. రాకపోతే నీళ్లు మరిగించి తాగండి, ఆ రోజే మున్సిపాలిటీకి ఫోన్ చేసి మీ వీధి పేరు, నీళ్లు వచ్చిన టైము చెప్పండి. పైపు ఎక్కడ దెబ్బతిందో వెతకడానికి ప్లాంట్ వాళ్లకి ముందు కావలసినవి ఆ రెండే.