ఆ పూలు మా పంట
(ప్రపంచ పర్యాటక దినోత్సవ సభలో చేసిన ప్రసంగం పాఠం)

వేదిక మీది పెద్దలకు, పిల్లలకు, పనులు మానుకుని వచ్చిన మా అక్కలకు, వదినలకు నమస్కారం. అందరి పేర్లూ ఇంతకు ముందే చదివారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ‘లంబసింగిలో చూడదగిన ప్రదేశాలు’ గురించి మాట్లాడమన్నారు.

ఉన్నాయి, చాలా ఉన్నాయి. సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మనది. చలి ముదిరితే తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. చెరువులవేనం కొండ ఎక్కితే మబ్బులు కాళ్ల కింద కనిపిస్తాయి. తాజంగి రిజర్వాయర్ ఉంది, కాస్త దూరం పోతే కొత్తపల్లి జలపాతం ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. ఇవన్నీ మీ ఫోన్లలోనే చూడొచ్చు.

మీరు ఎక్కి వచ్చిన ఈ దారి గురించి మాత్రం చెప్పాలి. నర్సీపట్నం వైపు నుంచి మన్యంలోకి రోడ్డు వేయడానికి వందేళ్ల కిందట మన తాతల చేత వెట్టి చేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేసిన దౌర్జన్యం చరిత్రలో రాసే ఉంది. కూలి ఎగ్గొట్టారు, పోడు కొట్టనివ్వలేదు. ఆ కడుపుమంటతోనే గాం గంటందొర, మల్లుదొర లాంటి వాళ్లు అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. పిల్లలూ, ఘాట్ ఎక్కేటప్పుడు ఆ రాళ్లు మోసినవాళ్లను ఒక్కసారి తలుచుకోండి.

ఇంకా జలపాతాల గురించి చెప్పాలనుకున్నాను. కానీ ముందు మన నూనెగింజల పంట వలిసె చేను గురించి చెప్పనివ్వండి, ఇది నా మనసులో చాలా రోజులుగా ఉంది. మా చిన్నమ్మ చేనులో పోయిన సీజన్‌లో పెళ్లి ఫోటోలు తీసుకోవడానికి ఒక బృందం దిగింది. పసుపు పూల మధ్య పడుకున్నారు, దొర్లారు. తొక్కొద్దమ్మా అని చిన్నమ్మ బతిమాలితే, ‘పూలే కదా’ అన్నారు. పూలు కావు తల్లీ, అది పంట! వానల్లో చల్లుతాం. ఆ పూల మీద తేనెటీగలు వాలితేనే గింజ కడుతుంది, గింజ కడితేనే నూనె. పూత మీద విరిగిన మొక్క మళ్లీ లేవదు. ఆ సాయంత్రం చిన్నమ్మ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. నష్టం ఎవరిని అడగాలి?

పర్యాటకులు రావద్దని నేను అనను. టీ కొట్టు, బొంగులో చికెన్, ఇంట్లో ఇచ్చే గది, వీటితో మన పిల్లల ఫీజులు కట్టుకుంటున్నాం. కానీ జనం వచ్చేది సరిగ్గా కాఫీ పళ్లు కోసే నెలల్లో. ఇంటిల్లిపాదీ కొండ మీద ఉంటాం, కింద చేనుకు కాపలా ఎవరు? టెంట్లు వేసి డబ్బు చేసుకునేది బయటివాళ్లు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. అందుకని కాగితం మీద మన పేరు, గల్లాపెట్టె దగ్గర వేరేవాళ్లు. ఊట నీళ్లు వాళ్ల ట్యాంకులకు, సీసాలు, ప్లేట్లు మన గెడ్డలోకి.

అక్కా, వదినా, మీరు ఊరికే తలూపితే సరిపోదు. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం గ్రామసభకు హక్కులిచ్చింది. టెంట్లు ఎక్కడ వేయాలి, పార్కింగ్ రుసుము ఎవరికి చెందాలి, చేనులో అడుగు పెడితే రైతుకు ఎంత ఇవ్వాలి, ఇవి మనమే కూర్చుని తీర్మానం రాయాలి. చలికాలం రాకముందే రాయాలి. అధికారులు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను: గ్రామసభ తేదీ ఈ రోజే ప్రకటించండి.

జలపాతాల గురించి మన డిగ్రీ పిల్లలు చెబుతారు. నా మిగతా సమయం చిన్నమ్మకు ఇవ్వండి, ఆవిడ వెనక వరుసలో ఉంది. చిన్నమ్మా, ఇలా రా, మైకు పట్టుకో.