నువ్వు పరిగెడితే వాళ్ళెందుకు డబ్బులివ్వాలి?

నమస్కారమండీ. పోయిన ఆగస్టులో నేను హైదరాబాద్ మారథాన్ పరిగెత్తాను. సగం కాదు, మొత్తం, 42 కిలోమీటర్ల 195 మీటర్లు, నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలుపెట్టి గచ్చిబౌలి స్టేడియం దాకా. ఇందులో నా గొప్పేమీ లేదు, నాకంటే పాతికేళ్ళు పెద్దవాళ్ళు నాకంటే ముందే ఇంటికి చేరి, టిఫిన్ చేసి, ఒక నిద్ర కూడా తీసేశారు. నేను బ్యాంకులో పని చేస్తాను, స్కూల్లో ఖోఖో ఆడిన తర్వాత మళ్ళీ బస్సు కోసం తప్ప పరిగెత్తింది లేదు. ఇవాళ మీతో చెప్పాలనుకున్నది పరుగు గురించి కూడా కాదు, మా అత్తగారు అడిగిన ఒక ప్రశ్న గురించి.

పిల్లల క్యాన్సర్ పరిశోధన కోసం పరిగెడుతున్నాను, తెలిసినవాళ్ళందరినీ తలా కొంత అడుగుతున్నాను అని చెప్పినప్పుడు ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. తలెత్తకుండానే అడిగారు. "నువ్వు పరిగెడితే వాళ్ళెందుకు డబ్బులివ్వాలమ్మాయ్?"

నిజమే కదా. నా దగ్గర జవాబు లేదు.

మా పాపకు ఐదేళ్ళప్పుడు ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వచ్చింది, పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకమే, ఏఎల్ఎల్ అంటారు. రెండున్నరేళ్ళు మందులు వాడాం. ఇప్పుడు పదేళ్ళు, బాగుంది, అన్నంలో కరివేపాకు ఏరి పక్కన పెట్టేంత బాగుంది. ఆ రెండున్నరేళ్ళ గురించి ఎక్కువ చెప్పను, వార్డులో కూర్చున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, కూర్చోనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. పొద్దున లేస్తే "బ్లడ్ కౌంట్స్ వచ్చాయా?", రాత్రి అయితే "ఒళ్ళు వెచ్చగా ఉందా?", అంతే జీవితం.

సరే, డబ్బులు అడగడం. పరుగు కంటే ఇదే కష్టమండీ, ఎవరూ ముందు చెప్పరు. వాట్సాప్ మెసేజ్ నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చెరిపాను. పంపాక చాలామంది దణ్ణాల బొమ్మలు పెట్టారు. మిగిలినవాళ్ళు ఒకటే అడిగారు, "ఏ పాపకి? ఫొటో పెట్టండి, రిపోర్టులు పెట్టండి." ఫలానా పాప కోసం కాదండీ, పరిశోధనకి అని రాశాను. గ్రూపు చల్లబడింది. మా ఆఫీసులో ఒకాయన ఉన్నారు, మా పాపకు అర్ధరాత్రి రెండుసార్లు వచ్చి ప్లేట్‌లెట్స్ ఇచ్చిన మనిషి, ఆయన కూడా "పరిశోధన అంటే కంపెనీలు చూసుకుంటాయి కదండీ, ఎవరైనా పేద పాప ఉంటే చెప్పండి, వెంటనే ఇస్తా" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. కళ్ళ ముందు పాప ఉంటే చెయ్యి జేబులోకి దానంతటదే వెళ్తుంది. ఇంకా పుట్టని పాప కోసం ఎలా వెళ్తుంది?

ఇలా పరిగెత్తి డబ్బులు పోగుచేయడం నా బుర్రలో పుట్టింది కాదు. 1988లో అమెరికాలో బ్రూస్ క్లీలాండ్ అనే ఆయన, కూతురు జార్జియాకి ల్యుకేమియా వస్తే, 38 మంది జట్టును కూడగట్టి న్యూయార్క్ మారథాన్ పరిగెత్తించాడు, తనూ పరిగెత్తాడు. 3 లక్షల 22 వేల డాలర్లు పోగయ్యాయి. ఆ జట్టు తర్వాత టీమ్ ఇన్ ట్రైనింగ్ అనే పెద్ద ఉద్యమమైంది, ఇప్పటికి వంద కోట్ల డాలర్లు దాటించింది. ఆయన గురించి చదివినప్పుడు నాకనిపించింది, పిల్ల ఒంట్లో ఏం జరుగుతుందో తండ్రి చేతుల్లో లేదు, కాళ్ళు మాత్రం ఆయనవి.

ఇక కంపెనీల సంగతి. పెద్దవాళ్ళ క్యాన్సర్లతో పోలిస్తే పిల్లలవి చాలా తక్కువ, ఉన్నవీ రకరకాలు, అందుకని కొత్త మందు చేసినా కొనేవాళ్ళు కొద్దిమందే. కంపెనీకి ఏం గిట్టుతుంది? అందుకే మా పాప వాడిన ముఖ్యమైన మందులన్నీ నాకంటే వయసులో పెద్దవి. వాటిని ఏ మోతాదులో, ఏది ముందు ఏది వెనక ఇవ్వాలో డాక్టర్లు ఒక ట్రయల్ తర్వాత ఇంకో ట్రయల్ చేస్తూ దశాబ్దాల పాటు నేర్చుకున్నారు, ఇప్పుడు డబ్బున్న దేశాల్లో ఈ ఏఎల్ఎల్ వచ్చిన పిల్లల్లో పదింట తొమ్మిది మంది దాకా బతుకుతున్నారు. అన్ని రకాలూ కలిపి ఏటా ప్రపంచంలో సుమారు 4 లక్షల మంది పిల్లలకు, టీనేజ్ వాళ్ళకు క్యాన్సర్ వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. డబ్బున్న దేశాల్లో నూటికి 80 మందికి పైగా కోలుకుంటుంటే, చాలా పేద దేశాల్లో 30 మంది కూడా కోలుకోవడం లేదు. అంటే మందు కనిపెట్టడంతో పని అయిపోలేదు. మధ్యలో ఊరెళ్ళిపోయిన పిల్లాడు మళ్ళీ ఎందుకు రాలేదు, కీమో తట్టుకున్నవాడు ఇన్ఫెక్షన్‌తో ఎందుకు పోయాడు, ఇదంతా కూడా పరిశోధనే.

ఇప్పుడు ఒక మాత్ర గురించి చెప్తాను. మెథోట్రెక్సేట్. పసుపుపచ్చగా, మినపగింజ కంటే కాస్త పెద్దగా ఉంటుంది. వారానికి ఒక్కరోజే వేయాలి, పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది, అందుకని ఫ్రిజ్ మీది క్యాలెండర్లో ప్రతి సోమవారానికీ ఎర్ర పెన్నుతో గీత కొట్టేదాన్ని. ఆరు మాత్రలు. అరచేతిలో వరుసగా పెట్టుకుని ఒక్కొక్కటే మింగేది పాప, ఆరోది అయ్యాక నోరు బార్లా తెరిచి నాలుక కూడా ఎత్తి చూపించేది, ఏమీ దాచలేదని.

ఆ మాత్ర మూలం వెతుక్కుంటూ పోతే భీమవరం వస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టి, 1920ల్లో అమెరికా వెళ్ళి, లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మీద పని చేసిన జట్టును నడిపిన మనిషి. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అచ్చం దానిలాగే ఉండి కణాన్ని మోసం చేసే పదార్థాన్ని తయారుచేస్తే, ఎడాపెడా పెరిగే క్యాన్సర్ కణం ఆకలితో చస్తుంది. అలా తయారైందే అమైనాప్టెరిన్, దాని తమ్ముడు మా సోమవారం మాత్ర. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ అమైనాప్టెరిన్‌ను ల్యుకేమియా పిల్లలు 16 మందికి ఇచ్చి చూశారు. 10 మందికి గుణం కనిపించింది, లేచి ఆడుకున్నారు. కొన్నాళ్ళకు జబ్బు తిరగబెట్టింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు, 53 ఏళ్ళకే.

రేడియోలో మాట్లాడుతూ ఇంకోటి చెప్పకపోతే తప్పు. అదే 1948 మే నెలలో అమెరికాలో ఒక రేడియో కార్యక్రమం వాళ్ళు ఫార్బర్ గారి ఆసుపత్రిలో ఉన్న ఒక పన్నెండేళ్ళ అబ్బాయితో మాట్లాడారు. అసలు పేరు చెప్పకుండా జిమ్మీ అన్నారు. వాడికి బేస్‌బాల్ పిచ్చి. వాడు మాట్లాడుతుండగానే బోస్టన్ బ్రేవ్స్ ఆటగాళ్ళు ఒక్కొక్కరే గదిలోకి వచ్చారు. పిల్లల క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పంపండి, 20 వేల డాలర్లు దాటితే మ్యాచ్‌లు చూడడానికి వాడికో టీవీ ఇస్తాం అని అడిగితే, విన్నవాళ్ళు పంపిన డబ్బు 2 లక్షలు దాటింది. జిమ్మీకి టీవీ వచ్చింది, ఫార్బర్ గారి పరిశోధనకు నిధి వచ్చింది, జిమ్మీ ఫండ్ పేరుతో ఇప్పటికీ ఉంది. ఆ అబ్బాయి పెద్దయ్యాడు కూడా, పిల్లల్ని కని, 2001 దాకా బతికాడు.

ఇవన్నీ అత్తగారికి చెప్పాను, ఒక్కరోజులో కాదు, నాలుగైదు పూటలు. ఆవిడ విని, "అయితే ఇదో మొక్కు అన్నమాట" అన్నారు. పాప కోలుకుంటే తిరుమలలో తలనీలాలు ఇప్పిస్తానని అప్పట్లో ఆవిడ మొక్కుకున్నారు. తీరా జుట్టు కీమో తీసేసింది, మళ్ళీ వచ్చిన జుట్టు మీద కత్తి పెట్టించడానికి ఆవిడకే మనసొప్పక, పాప బదులు తను ఇచ్చి వచ్చారు. మొక్కేనేమో మరి. కాకపోతే మొక్కంటే వరమిచ్చిన దేవుడికి చెల్లిస్తాం. నాకు ఇచ్చినవాళ్ళెవరు? ఆ 16 మంది పిల్లలు. వాళ్ళ పేర్లు నాకు తెలియవు, వాళ్ళ అమ్మానాన్నలు ఏం అనుకుని ఒప్పుకున్నారో తెలియదు.

పరుగు రోజు గురించి క్లుప్తంగా చెప్తాను. ఆగస్టు ఉక్క, తెల్లారకముందే చొక్కా పిండితే నీళ్ళు. ఈ ఊళ్ళో ఇన్ని ఫ్లైఓవర్లు ఎందుకు కట్టారని ఆ రోజు తిట్టుకున్నంతగా ఎప్పుడూ తిట్టుకోలేదు. 32 కిలోమీటర్లు దాటాక కుడి పిక్క పట్టేసింది, రోడ్డు పక్కన కూర్చున్నాను, ఎవరో కుర్రాడు ఉప్పు చల్లిన నారింజ తొన చేతిలో పెట్టి "ఆంటీ, లేవండి" అన్నాడు. లేచాను. మొత్తం 5 గంటల 48 నిమిషాల్లో చేరాను. పాప మెడల్ మెడలో వేసుకుని, "చివర్నుంచి ఎన్నోదానివి?" అని అడిగింది.

మొత్తం 3 లక్షల 14 వేల రూపాయలు వచ్చాయి. ప్లేట్‌లెట్స్ ఇచ్చిన ఆయన మా పసుపు మాత్ర కథ విని కిలోమీటరుకు వంద చొప్పున 4,200 పంపారు, ఆ 195 మీటర్లకు ఇంకో ఇరవై కలిపి.

అత్తగారు వచ్చే నెల అలిపిరి మెట్ల దారిన వెళ్దామంటున్నారు, 3,550 మెట్లు. నాకు ఊడిన కాలి బొటనవేలి గోరు ఇంకా రాలేదు అత్తయ్యా అంటే, "నీకేం, పరిగెత్తే మనిషివి, మంచినీళ్ళ సంచి నువ్వే మొయ్యి" అన్నారు.