కల్పిత దేశపు ఆయుధాలకు పేర్లు

మిత్రులారా,

కల్పిత దేశాన్ని సృష్టించే రచయితలు పటాలు గీస్తారు, రాజవంశాలు అల్లుతారు. ఆయుధాల దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక అక్షరం, పక్కన ఒక అంకె పెట్టి సాగిపోతారు. అది నాకు బాధ కలిగిస్తుంది. ఎందుకంటే ఒక తుపాకి పేరులో దేశ చరిత్రకు చాలా చోటుంది.

జపాన్‌నే చూడండి. 1920ల చివరి నుంచి అక్కడ ఆయుధాన్ని, సామ్రాజ్య శకం లెక్కన అది సేనలో చేరిన ఏటితో పిలిచారు. మన 1940 వారికి 2600. నౌకాదళం చివరి అంకె తీసుకుని తన యుద్ధ విమానానికి సున్నా అని పెట్టింది. ప్రపంచమంతా భయపడిన 'జీరో' అదే. భూసేన మాత్రం ముందటి ఏటి 99 తర్వాత వచ్చేది 100 అని లెక్కేసి, తన నిఘా విమానానికి 100 అని పెట్టుకుంది. చక్రవర్తి ఒక్కడే, సంవత్సరం ఒక్కటే, అంకెలు మాత్రం రెండు! ఆ రెండు దళాల మధ్య ఉన్న వైరం పేర్లలోకీ పాకింది.

అమెరికాలోనూ అంతే. ఫాంటమ్ విమానం నౌకాదళానికి ఎఫ్4హెచ్, వైమానిక దళానికి ఎఫ్-110. 1962లో ఉమ్మడి పద్ధతి వచ్చాక ఎఫ్-4 అయింది. ఆ వరుసా నిలవలేదు. ఎఫ్-24 కావలసిన విమానం తన ప్రయోగ నమూనా ఎక్స్-35 అంకెనే ఉంచుకుని ఎఫ్-35గా మిగిలింది. భయం కూడా పేరు మారుస్తుంది: 'డాయిచ్‌లాండ్' (జర్మన్ భాషలో 'జర్మనీ' అనే అర్థం) అన్న యుద్ధనౌక మునిగితే దేశమే మునిగిందని ప్రచారం జరుగుతుందని, రెండో ప్రపంచ యుద్ధం తొలి నెలల్లోనే జర్మనీ ఆ నౌకను 'లుట్సో' చేసింది.

కాబట్టి పద్ధతిని కల్పించి ఆగకండి. దాన్ని ఎవరు, ఎందుకు చెడగొట్టారో కూడా కల్పించండి. నా దృష్టిలో రెండోదే అసలు పని.

ఒక దేశాన్ని ఊహిద్దాం. ఏళ్లను రాజు పట్టాభిషేకం నుంచి లెక్కిస్తారు. రైఫిలు పేరు 'పట్టం 31'. విప్లవంలో రాజు పోయాడు, శకం మళ్లీ ఒకటి నుంచి మొదలైంది, కొత్త రైఫిలు 'గణ 4' అయింది. పాతవాటిని పారేసే స్తోమత లేదు. అందుకని 'పట్టం' అన్న మాటను గీకేసి అంకెను వదిలేశారు. గిడ్డంగి గుమాస్తాకు ఇప్పుడు 31 పాతది, 4 కొత్తది. కొన్నేళ్లకు గణ శకంలోనూ 31 వస్తుంది. సరిహద్దు దళం '31' రైఫిలు తూటాలు కావాలని తంతి పంపితే ఏ తూటాలు వెళ్లాలి? ఒకసారి తప్పుడు పెట్టెలు వెళ్లాయి, ఒక కోట పోయింది. అప్పటికి గానీ రక్షణ శాఖ కదలలేదు. ఆ ఏడాది చేరిన ఆయుధాలన్నిటికీ 32 అనే పేరు పెట్టాలని ఆదేశమిచ్చింది.